పాత రాజిందర్ నగర్: శరణార్థుల క్వార్టర్ల కిందికి సెల్లార్ ఎలా వచ్చింది

2024 జులై 27, శనివారం సాయంత్రం. ఢిల్లీ పాత రాజిందర్ నగర్‌లో ఒక సివిల్స్ కోచింగ్ భవనం సెల్లార్‌లోకి వాననీరు దూసుకొచ్చి ముగ్గురు విద్యార్థులు చనిపోయారు. వారిలో ఒకరి కుటుంబం తెలంగాణలో ఉంటోంది. అనుమతి పత్రాల ప్రకారం ఆ సెల్లార్ స్టోర్ కోసం, పార్కింగ్ కోసం. అక్కడ నడుస్తున్నది లైబ్రరీ. దాని మీద ఒక అభ్యర్థి నెల ముందే ఫిర్యాదు చేశాడు. ఆగస్టు 2న ఢిల్లీ హైకోర్టు కేసును సీబీఐకి అప్పగించింది.

ఏటా మన రెండు రాష్ట్రాల నుంచి ఎందరో పిల్లలు సూట్‌కేసుతో దిగే పేట ఇది. దాని చరిత్ర మాత్రం వాళ్లలో చాలామందికి తెలియదు. జులై 27 ఎలా జరిగిందో అర్థం కావాలంటే 1947 నుంచి చూడాలి.

దేశ విభజన తర్వాత పశ్చిమ పంజాబ్, వాయవ్య సరిహద్దు రాష్ట్రం, సింధ్ నుంచి సిక్కులు, హిందువులు ఢిల్లీకి తరలివచ్చారు. 1951 జనగణన నాటికి నగరంలో శరణార్థులు 4.95 లక్షలు. 1941లో 9.18 లక్షలున్న ఢిల్లీ జనాభా పదేళ్లలో 17.44 లక్షలైంది. అదే సమయంలో మూడు లక్షలకు పైగా ముస్లింలు ఊరు విడిచిపోయారు. రాజిందర్ నగర్‌కు ఆనుకుని ఉన్న కరోల్ బాగ్‌లో అప్పటిదాకా వాళ్ల ఇళ్లు చాలా ఉండేవి. ఖాళీ అయిన ఆ ఇళ్లు ‘ఇవాక్యూ ప్రాపర్టీ’ (వదిలి వెళ్లినవాళ్ల ఆస్తి) పేరుతో కస్టోడియన్ అనే ప్రభుత్వ అధికారి చేతికి వెళ్లాయి. పునరావాసం గురించి గొప్పగా చెప్పుకునేటప్పుడు ఈ సగం మరుగున పడిపోతుంటుంది.

ఖాళీ ఇళ్లు చాలలేదు. కింగ్స్‌వే క్యాంప్ లాంటి చోట్ల గుడారాల్లో జనం కిక్కిరిసి ఉన్నారు. దాంతో కేంద్ర పునరావాస శాఖ నగరం చుట్టూ కొత్త కాలనీలు కట్టించింది: లజ్‌పత్ నగర్, పటేల్ నగర్, జంగ్‌పురా, మాలవీయ నగర్, తిలక్ నగర్, రమేశ్ నగర్. కరోల్ బాగ్‌కు దక్షిణాన, రిడ్జ్ గుట్టల అంచున లేచింది రాజిందర్ నగర్. బాబూ రాజేంద్ర ప్రసాద్ పేరే పంజాబీ నోట రాజిందర్ అయింది. శంకర్ రోడ్డు మధ్యలోంచి పోతుంది. ఒకవైపు పాతది, మరోవైపు కొత్తది.

ఇల్లంటే చిన్న ప్లాటులో రెండు గదులు, వంటిల్లు, మరుగుదొడ్డి, కాస్త వాకిలి. ఎండాకాలం రాత్రులు మంచాలు ఆ వాకిట్లోనే. వచ్చినవాళ్లకు ‘శరణార్థి’ అన్న మాట నచ్చలేదు, అందులో చేయి చాచడం వినిపించింది. తమను తాము ‘పురుషార్థి’ అని పిలుచుకున్నారు, సొంత కష్టం మీద బతికేవాళ్లమని. వదిలొచ్చిన ఊళ్లను కూడా పేర్లుగా వెంట తెచ్చుకున్నారు. ఢిల్లీలో ఇప్పటికీ గుజ్రాన్‌వాలా టౌన్ ఉంది, డేరావాల్ నగర్ ఉంది. రాజిందర్ నగర్‌కైతే ఏకంగా ఒక ఆసుపత్రే వచ్చింది. లాహోర్ ఇంజినీరు సర్ గంగారామ్ 1921లో అక్కడ పెట్టిన ఆసుపత్రికి జోడీగా ఇక్కడ 1951 ఏప్రిల్‌లో నెహ్రూ శంకుస్థాపన చేశారు, 1954లో ఆయనే ప్రారంభించారు. లాహోర్‌లోనూ అదే పేరుతో ఆసుపత్రి నేటికీ నడుస్తోంది.

అసలు కథ కాగితాల్లో ఉంది. 1950 చట్టం కింద శరణార్థులు అక్కడ వదిలొచ్చిన ఆస్తికి క్లెయిమ్ వేశారు, అధికారులు దాని విలువ తేల్చారు. 1954 పరిహార చట్టం వచ్చాక చెల్లింపు మొదలైంది. క్లెయిమ్ పెద్దదయ్యే కొద్దీ దక్కే శాతం తగ్గేది. లాహోర్‌లో హవేలీ పోయినవాడికి హవేలీ రాలేదు. ప్రభుత్వ క్వార్టర్‌లో ఉంటున్నవాళ్లకు దాని ధరను పరిహారంలో సర్దుబాటు చేసి, మిగతా తేడా ఉంటే కట్టించుకున్నారు. భూమి మాత్రం సర్కారుదే, లీజు మీద ఇచ్చింది. అంటే ఈ చిన్న ప్లాటు ఆ కుటుంబానికి పోయిన ఊరంతటికీ బదులుగా దక్కిన ముక్క. అమ్మి వేరేచోటికి పోదామనే ఆలోచన కన్నా, దీని మీదే ఇంకో అంతస్తు వేద్దామనే ఆలోచన ముందు రావడంలో వింతేముంది?

రెండో తరానికి పైన గది వేశారు, మూడో తరానికి వాకిలి మూశారు. 1992 తర్వాత లీజు భూములను ఫ్రీహోల్డ్‌గా, అంటే పూర్తి సొంతంగా, మార్చుకునే దారి తెరుచుకుంది. అన్నదమ్ముల వాటాలు తేలాక బిల్డర్ వచ్చాడు. మన దగ్గర స్థలం డెవలప్‌మెంట్‌కి ఇచ్చినట్టే అక్కడ ‘కొలాబరేషన్’. బిల్డర్ తన డబ్బుతో పాత ఇల్లు కూల్చి కొత్తది కడతాడు, ఒకటో రెండో అంతస్తులు తాను అమ్ముకుంటాడు, మిగతావి ఓనర్ల వాటా. ఒక్కో అంతస్తుకు ఒక్కో రిజిస్ట్రీ. సెల్లార్‌కూ వేరే యజమాని ఉండొచ్చు. ఈ కేసులో పోలీసులు అరెస్టు చేసినవాళ్లలో సెల్లార్ సహ యజమానులు నలుగురున్నారు.

సెల్లార్ ఎందుకు తవ్వుతారు? 2007లో వచ్చిన ఢిల్లీ మాస్టర్ ప్లాన్‌లో ఇంటి ప్లాటు మీద ఎత్తు పరిమితి 15 మీటర్లు. కింద స్టిల్ట్ పార్కింగ్ వదిలితే 17.5 మీటర్లు. ఎంత విస్తీర్ణం కట్టవచ్చో లెక్క వేసేటప్పుడు, అనుమతించిన వాడకానికే ఉంటే సెల్లార్‌ను కలపరు. నేల కొలతలో రాదు, అద్దె మాత్రం వస్తుంది. బిల్డర్ చేతికి అంతకన్నా తేలికైన లాభం ఇంకేముంది! దీనికి తోడు ఆ ప్లాన్‌లోనే మిశ్రమ వినియోగ నిబంధనలు ఇళ్ల మధ్య కోచింగ్ సెంటర్లకు షరతులతో చోటిచ్చాయి. రోడ్డు ఇంత వెడల్పుండాలన్న షరతు మామూలు ప్లాట్ల కాలనీలకు 18 మీటర్లు, పునరావాస కాలనీలకు అంతకంటే తక్కువ. ఇక్కడి వీధులు ఇరుకే కదా అని ఇచ్చిన సడలింపు అది. 2006లో సుప్రీంకోర్టు ఆదేశాలతో దుకాణాలకు సీళ్లు వేసినప్పుడు పార్లమెంటు ప్రత్యేక చట్టం తెచ్చి అడ్డుపడింది. ముందు కట్టడం, తర్వాత క్రమబద్ధీకరణ వరస. మనకు బీపీఎస్‌లు, ఎల్‌ఆర్‌ఎస్‌లు చూసిన కళ్లే కాబట్టి పెద్దగా విడమరచక్కర్లేదు.

పైన ఇన్ని మారాయి, భూమిలో కాలువ మారలేదు. ఒక ఉజ్జాయింపు లెక్క వేసుకుందాం. 100 గజాల ప్లాటు అంటే సుమారు 84 చదరపు మీటర్లు. గంటలో 30 మిల్లీమీటర్ల వాన పడితే ఆ ఒక్క ప్లాటు మీద 2,500 లీటర్లు, అంటే 200 లీటర్ల డ్రమ్ములు పన్నెండున్నర. వాకిలి మట్టిగా ఉన్న రోజుల్లో అందులో కొంత ఇంకేది. ఇప్పుడు అంచు నుంచి అంచు దాకా స్లాబే, చుక్క కూడా మిగలకుండా పైపు గుండా వీధిలోకే. మురుగు సంగతీ అంతే. మనిషికి రోజుకు 135 లీటర్లు ప్రామాణిక లెక్క. ఆరుగురి కుటుంబం వాడేది 810 లీటర్లు. అదే చోట నాలుగు అంతస్తులు, అంతస్తుకు మూడు పీజీ గదులు, గదికి ఇద్దరైతే 24 మంది, 3,240 లీటర్లు. దుర్ఘటన నాటికి ఢిల్లీ మొత్తానికి ఉన్న డ్రైనేజీ మాస్టర్ ప్లాన్ 1976 నాటిది.

ఆపైన నేల వాలు. రిడ్జ్ వైపు మెరక, బడా బజార్ మార్గ్ దగ్గర పళ్లెంలా పల్లం. పైవీధుల నీళ్లన్నీ అక్కడికే చేరతాయి. ప్రతి ఇంటి ముందూ కారెక్కడానికి ర్యాంపు. అది కాలువ మూత మీదే పోస్తారు. దాంతో పూడిక తీసే మనిషి గడ్డపార దించడానికి చోటుండదు.

సెల్లార్ మునగడం ఇంట్లో నీళ్లు నిలవడం లాంటిది కాదు. వీధిలో నీటి మట్టం గడప దాటనంతసేపు లోపల పొడిగానే ఉంటుంది, గడప దాటగానే వీధి చెరువంతా మెట్ల మీదుగా దూకుతుంది. నెమ్మదిగా పెరిగే నీరైతే మనిషికి హెచ్చరిక ఉంటుంది, ఇక్కడ అది ఉండదు. తలుపు వెనక నీరు అరమీటరు లోతుంటే, మూడడుగుల తలుపు మీద పడే బరువు దాదాపు 110 కిలోలు. ఒక మీటరైతే 450 కిలోలు. లోతు రెట్టింపయితే తోపు నాలుగింతలు. బయటికి నెట్టి తెరవాల్సిన తలుపైతే ఇక తెరుచుకోదు. రెండో దారి లేని చోట ఉన్న ఒక్క మెట్లదారే నీటి దారి కూడా అవుతుంది. ఆ రోజు నిలిచిన నీటిలోంచి కారు నడిపి అల రేపాడని ఒక డ్రైవర్‌ను కూడా పోలీసులు అరెస్టు చేశారు, హైకోర్టు దాన్ని తప్పుపట్టింది.

ఆ దుర్ఘటనకు ఐదు రోజుల ముందు, మరో శరణార్థి కాలనీ పటేల్ నగర్‌లో, వాననీరు నిలిచిన వీధిలో ఇనుప గేటుకు కరెంటు పాకి ఒక సివిల్స్ అభ్యర్థి చనిపోయాడు. 2023 జూన్‌లో మంటలంటుకుని విద్యార్థులు తాళ్లు పట్టుకుని దిగిన ముఖర్జీ నగర్, పాత కింగ్స్‌వే క్యాంప్ పక్కనే. కోచింగ్ పరిశ్రమ ఇలాంటి పేటల్నే వెతుక్కోవడానికి కారణం మామూలుదే. నగరం నడిమధ్య ఉంటాయి, మెట్రో దగ్గర, ఇళ్లు చిన్నవి కాబట్టి గదులుగా విరగ్గొట్టడం తేలిక. ఆపైన వారసులు చాలామంది వేరే చోటికి మారి అద్దె మీదే ఆధారపడ్డారు. గదులు ఇరుకైతే చదవడానికి చోటుండదు, చోటు లేకపోతే సీటుకింత అని నెలవారీ ‘లైబ్రరీ’ పుడుతుంది. దానికి చవకైన నేల సెల్లారే.

గది చూడటానికి వెళ్లే తల్లిదండ్రులు అద్దె అడిగే ముందు నాలుగు విషయాలు చూసుకోవచ్చు. లైబ్రరీ నేల వీధి కన్నా కిందుంటే వద్దనుకోవడమే మంచిది. పైన ఉన్నా మెట్లకు రెండో దారి ఉందో లేదో, అది తాళం లేకుండా ఉందో లేదో చూడాలి. తలుపు ఏవైపు తెరుచుకుంటుందో తోసి చూడాలి. మీటర్ల బోర్డు నడుం ఎత్తు కన్నా పైనుందా అన్నది వానాకాలంలో ముఖ్యం.

జులై 29న కార్పొరేషన్ బుల్డోజర్లు ఆ వీధికొచ్చి కాలువల మీది ర్యాంపులు పగలగొట్టాయి. సెల్లార్లకు సీళ్లు పడ్డాయి. లైబ్రరీలు పై అంతస్తులకెక్కాయి.