సునామీ మదింపు నుంచి మోరంచవాగు ఇసుక మేటల దాకా

2023 జులై 27 తెల్లవారుజామున మోరంచవాగు పొంగి భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని ముంచేసింది. జనం మేడలెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ ఉదయానికి ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మి.మీ. వాన కురిసింది. కొండాయి దగ్గర జంపన్నవాగు 8 మందిని బలిగొంది. ఇలాంటప్పుడు అందిన సాయాన్ని బేరీజు వేయడానికి పనికొచ్చే ప్రశ్నలు చాలావరకు సముద్రపు ఒడ్డున పుట్టినవే.

2004 డిసెంబరు 26 సునామీకి 14 దేశాల్లో సుమారు 2.27 లక్షల మంది బలయ్యారు. సాయంగా దాదాపు 1,350 కోట్ల డాలర్లు పోగయ్యాయి. 2005 ఫిబ్రవరిలో సహాయ సంస్థలు కలిసి ఉమ్మడి మదింపు మొదలుపెట్టాయి, మరుసటి ఏడాది నివేదిక ఇచ్చాయి. తొలి గంటల్లో ఎక్కువ ప్రాణాలు కాపాడింది ఇరుగుపొరుగు వాళ్లేనని, తర్వాత వచ్చిన సంస్థలు వాళ్లనే పక్కకు నెట్టాయని అందులో తేలింది. కొన్నిచోట్ల పోయినవాటి కన్నా ఎక్కువ పడవలు పంచారు. సొంత పడవ లేని కూలీలు మాత్రం వెనకబడ్డారు.

మన దేశంలో 2005లో విపత్తు నిర్వహణ చట్టం, 2007లో హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్‌లో సునామీ హెచ్చరిక కేంద్రం వచ్చాయి. వాగు వరదకు వ్యవధి తక్కువ. రాత్రి కరెంటు పోతే సెల్ టవర్ కూడా మూగబోతుంది. అందుకే హెచ్చరిక ఆఫీసులో ఎన్ని గంటలకు బయల్దేరింది, చివరి ఇంటికి ఎన్నింటికి చేరింది అనే రెండు సమయాలూ విడివిడిగా రాసుకోవాలి. లోపం ఆ మధ్యలోనే దొరుకుతుంది.

వరద తీశాక అసలు బాధ పొలంలో మొదలవుతుంది. విపత్తు సాయానికి కేంద్రం పెట్టిన 2022–26 నిబంధనల ప్రకారం ఇసుక మేట 3 అంగుళాలు దాటితే సన్న, చిన్నకారు రైతులకు హెక్టారుకు రూ.18,000, అంటే ఎకరాకు రూ.7,300 లోపే. ఎకరంలో అడుగు మందం మేట వేస్తే 43,560 ఘనపుటడుగుల ఇసుక. ట్రాక్టరుకు 100 చొప్పున ఎత్తినా 435 ట్రిప్పులు. ట్రిప్పుకు 17 రూపాయలు కూడా పడవు. డీజిల్‌కే చాలని సొమ్ము అది.

కొలత కూడా జాగ్రత్తగా తీయాలి. గట్టు పక్కన ఒక్కచోట టేపు పెడితే మందం తప్పుతుంది. పొలం నలుమూలలా, నడుమ గుంటలు తీసి, పాత మట్టి తగిలేదాకా కొలవాలి. అదీ రైతు ఇసుక ఎత్తకముందే. పాసుబుక్కులో పట్టాదారు పేరుంటుంది, మునిగింది కౌలురైతు పెట్టుబడి. పంచనామాలో సాగు చేసిన వాళ్ల పేరూ ఎక్కాల్సిందే.

సాయం పనికొచ్చిందో లేదో తేలాలంటే యాసంగిలో ఒకసారి, మరుసటి వానాకాలంలో ఇంకోసారి అదే సర్వే నంబరుకు వెళ్లి చూడాలి: నాటు పడిందా, వేసింది ఎవరు, పెట్టుబడి ఎక్కడ, ఎంత మిత్తికి తెచ్చారు.