పన్నెండో గ్రేడు రిలిజియన్ క్లాసు గొడవ: మెలిక 1984లో పడింది

కెనడాలోని ఒంటారియోలో హైస్కూలు పిల్లలు వచ్చే ఏడాదికి కోర్సులు ఎంచుకునే రోజులొస్తే చాలు, ఈ పంచాయితీ మళ్లీ మొదలవుతుంది. కాథలిక్ హైస్కూల్లో చదివే హిందువుల పిల్లలు, సిక్కుల పిల్లలు, ఏ మతమూ పట్టని ఇళ్ల పిల్లలు ఆఖరి ఏడాదిలో కూడా రిలిజియన్ చదవాల్సిందేనా? బ్రాంప్టన్, మిస్సిసాగా వైపు మనవాళ్లు చాలామందే ఉన్నారు కాబట్టి ప్రశ్న మన ఇళ్లలోకీ వచ్చింది.

1867 కెనడా రాజ్యాంగం, కాథలిక్ స్కూళ్ల హక్కులను కాపాడే అందులోని 93వ సెక్షన్ సంగతి అందరూ చెప్పేదే, వదిలేద్దాం. నా లెక్కలో అసలు కథ 1984 జూన్ 12న మొదలైంది. అప్పటిదాకా కాథలిక్ స్కూళ్లకు ప్రభుత్వ డబ్బు పదో గ్రేడుతో ఆగిపోయేది. ఆ పైన చదవాలంటే ఫీజు కట్టాల్సిందే. పై తరగతులకూ డబ్బివ్వాలని వేసిన టైనీ టౌన్‌షిప్ కేసులో, 1928లో అప్పటి ఆఖరి అప్పీలు కోర్టు అయిన లండన్ ప్రీవీ కౌన్సిల్ కూడా కాథలిక్కులకు వ్యతిరేకంగానే తీర్పు ఇచ్చింది. 1971లో ఒంటారియో ప్రీమియర్ (మన ముఖ్యమంత్రి లాంటి పదవి) బిల్ డేవిస్ ఇదే డిమాండుకు కుదరదని చెప్పి ఎన్నిక గెలిచాడు. పదమూడేళ్ల తర్వాత అదే డేవిస్ అసెంబ్లీలో లేచి, పై తరగతులకు కూడా పూర్తి నిధులు ఇస్తామని ప్రకటించాడు. 1985 నుంచి ఏడాదికో గ్రేడు చొప్పున కలుపుకుంటూ పోవాలన్నది ప్లాన్.

ఆ తర్వాత ఏడాది ఎన్నికల్లో అగ్గి రాజుకుంది. టొరంటో ఆంగ్లికన్ ఆర్చ్‌బిషప్ లూయిస్ గార్న్స్‌వర్తీ అయితే డేవిస్ తీరును హిట్లర్‌తో పోల్చేశాడు. 42 ఏళ్లుగా పాలిస్తున్న డేవిస్ పార్టీ కన్సర్వేటివ్‌లు గద్దె దిగారు, కానీ హామీ మాత్రం చావలేదు, లిబరల్ డేవిడ్ పీటర్సన్ ప్రభుత్వం దాన్ని బిల్ 30గా తెచ్చి 1986లో చట్టం చేసింది. 1987లో సుప్రీంకోర్టు సరేనంది.

ఇక్కడ జరిగిన బేరం గురించి కాథలిక్ స్కూళ్లను నడిపే బోర్డులు పెద్దగా మాట్లాడవు. అందరి పన్నుల డబ్బుతో నడిచే హైస్కూలు కాథలిక్కులకే తలుపు తీస్తానంటే కుదరదు కదా. చిన్న ఊళ్లలో పబ్లిక్ హైస్కూలు మూతపడితే మిగతా పిల్లలు ఎక్కడికి పోవాలన్నది అప్పటి భయం. అందుకే ఎలిమెంటరీలో బాప్తిస్మం సర్టిఫికెట్ అడిగే బోర్డులు కూడా తొమ్మిదో గ్రేడు నుంచి అందరినీ చేర్చుకుంటాయి. దాంతోపాటే విద్యాచట్టం 42వ సెక్షన్‌లో మినహాయింపు వచ్చింది: పబ్లిక్ హైస్కూల్లో చేరే అర్హత ఉన్న విద్యార్థి కాథలిక్ హైస్కూల్లో చదువుతుంటే, తల్లిదండ్రులు రాతపూర్వకంగా అడిగితే చాలు, మతవిద్య 'ప్రోగ్రాం గానీ కోర్సు గానీ' తప్పనిసరి కాదు. పద్దెనిమిది నిండినవాళ్లు తమ సంతకం తామే పెట్టుకోవచ్చు. కారణం చెప్పాలని ఆ క్లాజులో లేదు. (మన రాజ్యాంగం 28(3) ఇంకో అడుగు ముందుంది, ఎయిడెడ్ స్కూల్లో మతబోధకు ముందుగా తల్లిదండ్రుల ఒప్పుకోలు ఉండాలంటుంది. గుంటూరు, హైదరాబాద్ కాన్వెంటుల్లో కాథలిక్ పిల్లలు సత్యోపదేశానికి, మిగతావాళ్లు మోరల్ సైన్స్‌కు వెళ్లడం చాలామందికి తెలిసిందే.)

బోర్డుల వాదన ఏమిటంటే, విశ్వాసం ఒక్క పీరియడ్‌కు పరిమితం కాదు, స్కూలు మొత్తం దానిమీదే నిలబడుతుంది, తెలిసే చేరారు కదా అని.

ఆ వాదన బ్రాంప్టన్‌లో దెబ్బతింది. ఓ తండ్రి తన కొడుకును దివ్యబలిపూజల నుంచి, రిట్రీట్‌ల (ధ్యాన శిబిరాల) నుంచి కూడా మినహాయించమన్నాడు. అక్కడి కాథలిక్ బోర్డు డఫరిన్-పీల్ ఒప్పుకోలేదు. 2014లో ఒంటారియో డివిజనల్ కోర్టు తండ్రి వైపే నిలిచి, చట్టంలోని మినహాయింపు పూజలకు, రిట్రీట్‌లకు కూడా వర్తిస్తుందని చెప్పింది. అంటే ఇరవై ఎనిమిదేళ్ల కిందటి క్లాజును ఉన్నది ఉన్నట్టు చదవడానికి కోర్టు దాకా పోవాల్సి వచ్చింది.

అక్కడితో ఆగిందా అంటే లేదు. రిలిజియన్ మానేసినందుకు తనను చిన్నచూపు చూశారని ఒంటారియోలోనే మిడ్‌లాండ్ అనే ఊళ్లో ఓ విద్యార్థిని మానవ హక్కుల ట్రిబ్యునల్‌కు వెళ్లింది. 2017లో రాజీ కుదిరి, మినహాయింపు అడిగే పద్ధతి సులువైంది. మిడ్‌లాండ్ పక్కనే ఉన్నది ఆ పాత టైనీ టౌన్‌షిప్, కాకతాళీయమే అనుకోండి.

మరి అందరూ మానేస్తున్నారా? లేదు, ఇక్కడ మతం కంటే మార్కుల లెక్క ఎక్కువ. పన్నెండో గ్రేడు రిలిజియన్ కోర్సు కోడ్ హెచ్ఆర్‌ఈ4ఎం. చివర ఉన్న ఆ 'ఎం' అంటే యూనివర్సిటీ, కాలేజీ చదువులకు సిద్ధం చేసే కోర్సు అని, దానివల్ల యూనివర్సిటీ అడ్మిషన్లలో చూసే ఆరు కోర్సుల్లో దీన్ని కలుపుకునే వీలుంది. కెమిస్ట్రీ, కాలిక్యులస్‌ల మధ్య ఇందులో మంచి మార్కులొస్తాయని ఉంచుకునేవాళ్లున్నారు, ఆ పీరియడ్ ఫిజిక్స్‌కో ఖాళీకో పనికొస్తుందని ఫారం నింపేవాళ్లూ ఉన్నారు.

క్యూబెక్ 1997లో, న్యూఫౌండ్‌లాండ్ 1998లో రాజ్యాంగ సవరణతో ఇలాంటి మతపరమైన బోర్డుల హక్కుల నుంచి బయటపడ్డాయి. ఒక్క కాథలిక్ స్కూళ్లకే పూర్తి డబ్బివ్వడం వివక్షేనని 1999లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ ఒంటారియో గురించి తేల్చింది. ఇక్కడ మాత్రం నిధులు అలాగే వస్తున్నాయి, 42వ సెక్షన్ కూడా అలాగే ఉంది. అందుకే ఈసారి కూడా వాదన స్కూళ్లు ఉండాలా వద్దా అన్నదాని దాకా పోకుండా, ఫారం ఎవరు సంతకం చేయాలి, ఎప్పటిలోగా ఇవ్వాలి అన్న దగ్గరే తిరుగుతోంది.