లావు టైరు అడిగే ముందు రిమ్ము మీద ఏం రాసుందో చదవండి

విజయవాడ ఆటోనగర్‌లో టైరు కొట్ల దగ్గర కుర్రాళ్ళు ఎక్కువగా అడిగే మాట, "అన్నా, దీనికి ఇంకా లావు టైరు పడుద్దా?" అని. చాలాసార్లు పడుద్ది కూడా, గాలి కొడితే టప్పుమని బీడ్, అంటే రిమ్ములో ఇరుక్కునే టైరు అంచు, కూర్చుంటుంది, వెనక నుంచి చూస్తే బండి భలే ఉంటుంది. కానీ ఆ రిమ్ము మీద ఆ టైరు ఏ షేపులో కూర్చుంటుందో ఎవరూ అడగరు, బండి మలుపులో ఎలా వంగాలో తేల్చేది మాత్రం ఆ షేపే.

ముందు నంబర్లు చూద్దాం. కేటీఎం డ్యూక్ 390 బైకు వెనక టైరు సైజు 150/60-17. 150 అంటే వెడల్పు ఎంఎంలలో, 60 అంటే ఆ వెడల్పులో 60 శాతం పక్కగోడ ఎత్తు, అంటే 90 ఎంఎం, 17 రిమ్ము వ్యాసం ఇంచుల్లో. ఇది చాలామందికి తెలుసు. తెలియని సంగతి ఏంటంటే ఆ 150 టైరుతో పాటు పుట్టిన కొలత కాదు, కంపెనీ వాళ్ళు ఫలానా వెడల్పున్న రిమ్ముకి ఎక్కించి గాలి నింపి తీసిన కొలత. రిమ్ము మారితే అదీ మారుతుంది. ఉజ్జాయింపుగా రిమ్ము అర ఇంచు తగ్గితే టైరు ఒక 5 ఎంఎం సన్నబడుతుంది, అర ఇంచు పెరిగితే అంతే లావెక్కుతుంది.

మరి మన రిమ్ము వెడల్పు ఎంత? అల్లాయ్ వీల్ మీదే పోతలో ఉంటుంది, 17 × ఎంటీ 4.00 లాంటి అక్షరాలు, మట్టి తుడిస్తే కనపడతాయి. ఎంటీ అంటే రిమ్ము అంచు రకం, ఆ 4.00 ఇంచుల్లో వెడల్పు, అదీ బయటి అంచు నుంచి బయటి అంచుకి తీసింది కాదు, లోపల బీడ్ వచ్చి ఆనే చోటు నుంచి అవతల ఆనే చోటుకి, అందుకే టేపు పెట్టి బయట నుంచి కొలిస్తే ఎక్కువ చూపిస్తుంది, దాన్ని నమ్మి టైరు కొనకండి.

డ్యూక్ 390 వెనక రిమ్ము 4 ఇంచులు. దానికి చాలామంది 160/60 వేయిస్తున్నారు, ఆ సైజు మాత్రం మామూలుగా 4.5 ఇంచుల రిమ్ము లెక్కలో తయారవుతుంది, కవాసకి నింజా 650 కి ఉండేది ఆ జోడీయే. 4 ఇంచుల మీద ఎక్కిస్తే అది నొక్కుకుని 155 దగ్గరకి వస్తుంది. అంటే 160 కి డబ్బులు కట్టి, స్టాక్ (కంపెనీ ఇచ్చిన) టైరు కంటే ఒక 5 ఎంఎం మాత్రమే ఎక్కువ తెచ్చుకుని, దానికోసం షేపు పాడు చేసుకున్నట్టు.

షేపు పాడవ్వడం అంటే ఏంటో చెప్తా. ఒక పోస్టుకార్డు రెండు చివరలూ పట్టుకుని దగ్గరికి నొక్కండి, మధ్యలో ఉబ్బి లేస్తుంది కదా, ఇరుకు రిమ్ము మీద లావు టైరుకి అయ్యేది అదే. నడిమి భాగం మొనదేలుతుంది, అంచుల్లో ఉన్న ట్రెడ్, అంటే రోడ్డు మీద నడిచే రబ్బరు, పక్కగోడల వైపు జారిపోతుంది. ఇక ఆ అంచు రబ్బరు రోడ్డుని తాకాలంటే బండి మామూలు కంటే ఇంకా వంగాలి, కాబట్టి టైరు అరిగిపోయే రోజుకి కూడా పక్కన కొత్త రబ్బరు అలాగే మిగిలిపోయి ఉంటుంది, మధ్యలో మాత్రం గబగబా అరుగుతుంది. మలుపులోకి దించేటప్పుడు మొదట్లో ఠక్కున పడిపోతున్నట్టు ఉంటుంది. ఎదురు తప్పు చేస్తే, అంటే వెడల్పు రిమ్ముకి సన్న టైరు వేస్తే, టైరు బల్లపరుపుగా సాగుతుంది, బండి వంగడానికి మొరాయిస్తుంది, తీరా వంగాక ట్రెడ్ అంచు త్వరగా వచ్చేస్తుంది, పైగా గుంటలో పడితే రిమ్ము అంచుకి కాపు ఉండదు. కనకదుర్గ ఫ్లైఓవర్ మీద కొండ పక్కనుంచి తిరిగేటప్పుడు టైరు రోడ్డుని తాకే చోటు మధ్య నుంచి పక్కకి మెత్తగా జరగాలి, ఆ జరగడం ఎలా ఉండాలో ఇంజనీర్లు ఒక వంపుగా గీసి పెట్టారు, రిమ్ము తప్పయితే ఆ వంపే ఉండదు.

పెద్ద బళ్ళలో కూడా ఈ పంచాయితీ ఉంది. యమహా ఆర్6, హోండా సీబీఆర్600ఆర్ఆర్ లాంటి వాటికి 5.5 ఇంచుల రిమ్ము, 180/55 టైరు. దాని మీద 190/50 వేస్తుంటారు, చాలా టైరు చార్టుల్లో 5.5 కి అనుమతి కూడా ఉంటుంది, కానీ దాని అసలు రిమ్ము 6 ఇంచులు. పైగా 180 లో 55 శాతం అంటే 99 ఎంఎం ఎత్తు, 190 లో 50 శాతం అంటే 95, అంటే లావు టైరు వేసి వెనక భాగాన్ని కిందికి దించుకున్నట్టు, దాంతో హ్యాండిల్ తిరగడం బద్ధకం అవుతుంది. నన్నడిగితే 5.5 రిమ్ముకి 180 ని మించి వెళ్ళక్కర్లేదు.

గ్రిప్పు పెరుగుద్దిగా అంటారు. ఒక చిన్న లెక్క చూడండి. వెనక చక్రం మీద 160 కిలోల బరువు, టైరులో 33 పీఎస్ఐ గాలి అనుకుందాం, అంటే చదరపు సెంటీమీటరుకి దాదాపు 2.3 కిలోలు. భాగిస్తే రోడ్డుని తాకే రబ్బరు 70 చదరపు సెంటీమీటర్ల దగ్గర వస్తుంది. ఆ లెక్కలో టైరు వెడల్పు ఎక్కడా లేదు! టైరు బిరుసుని బట్టి కాస్త అటూ ఇటూ అవుతుంది గానీ, లావు టైరు వల్ల ప్రధానంగా మారేది రోడ్డుని తాకే ఆ మచ్చ ఆకారం, పొడుగ్గా ఉండేది అడ్డంగా అవుతుంది. లీటరు (1000 సీసీ) బళ్ళకి లావు టైర్లు అవసరం, 200 హార్స్‌పవర్ వేడిని తట్టుకోవాలంటే అంత రబ్బరు ఉండాలి. నలభై చిల్లర హార్స్‌పవర్ బండికి ఆ అవసరం లేదు.

ఇంకోటి కూడా ఉంది. టైరు లావయ్యే కొద్దీ, వంగినప్పుడు రోడ్డుని తాకే చోటు బండి మధ్యగీత నుంచి దూరంగా పోతుంది, కాబట్టి అదే స్పీడులో అదే మలుపు తిరగడానికి ఇంకొంచెం ఎక్కువ వంగాలి. బరువు కేంద్రం 60 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకుని లెక్కేస్తే, బొత్తిగా వెడల్పు లేని టైరు ఉందనుకుంటే దానికి 40 డిగ్రీలు చాలే మలుపులో 150 టైరుకి దాదాపు 45, 180 కి 46 పైన.

అయినా సరే 160 యే కావాలి అనుకుంటే 4.5 ఇంచుల రిమ్ముతో కలిపి వేయించుకోండి, అప్పుడు టైరు దాని షేపులో అది ఉంటుంది. ఆ రిమ్ముకి మీ బండి బ్రేకు డిస్కు, స్ప్రాకెట్ (చైను తిరిగే పళ్ళ చక్రం) సరిగ్గా కూర్చోవాలి, ముందు వెనక స్ప్రాకెట్లు ఒకే గీతలో ఉండాలి, లేదంటే చైను పక్కకి లాగుతూ అరిగిపోతుంది. స్పీడులో టైరు కొద్దిగా ఉబ్బుతుంది కాబట్టి స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే చేయి) దగ్గర, చైను దగ్గర, మడ్‌గార్డు కింద ఖాళీ ఉందో లేదో చక్రాన్ని చేత్తో తిప్పి ఒక రౌండంతా చూడండి, చైను బిగించినా వదులు చేసినా చక్రం ముందుకీ వెనక్కీ జరుగుతుంది కాబట్టి అది సెట్ చేశాక మళ్ళీ ఒకసారి చూడండి.