ఎండ్-టు-ఎండ్ టెస్టులు: అపోహలు - వాస్తవాలు

నేను విజయనగరంలో ఉండి పనిచేసే డెవలపర్‌ని. మా టీమ్ రాసే సాఫ్ట్‌వేర్ ఎక్కువగా పలాస వైపు జీడి వ్యాపారుల కోసం: పిక్కల కొనుగోలు, పప్పు గ్రేడింగ్, బిల్లులు. టెస్టింగ్ గురించి కొత్తగా చేరే పిల్లలే కాదు, సీనియర్లు కూడా గట్టిగా నమ్మే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: యూజర్ చేసినట్టే బ్రౌజర్‌లో మొదటి నుంచి చివరి దాకా నడిపిస్తేనే (ఇదే ఎండ్-టు-ఎండ్ టెస్ట్) అసలైన టెస్ట్.

వాస్తవం: ఆ టెస్ట్ ఫెయిలైతే ఎక్కడ తేడా వచ్చిందో చెప్పదు. నెట్ ఆగిందా, బటన్ పేరు మారిందా, లెక్కే తప్పిందా అని మనమే వెతుక్కోవాలి. పైగా కారణం లేకుండా ఫెయిలయ్యే గుణం వీటికి ఎక్కువ. ఒక్కో టెస్ట్ 99 శాతం నమ్మదగిందే అనుకున్నా, దేనికది విడిగా నడిచే 100 టెస్టులూ ఒకేసారి పాసయ్యే అవకాశం 37 శాతం కూడా ఉండదు. ఇక అందరికీ రీ-రన్ నొక్కడం అలవాటైపోతుంది. నిజమైన బగ్ కూడా ఆ గుంపులోనే దాక్కుంటుంది.

అపోహ: ఎండ్-టు-ఎండ్ టెస్టులను తగ్గించడం టెస్టింగ్ టీమ్ చూసుకోవాల్సిన పని.

వాస్తవం: ఇది డిజైన్ పని, అంటే డెవలపర్లదే. పిక్కల కొనుగోలు బిల్లు తీసుకోండి. తూకం 80 కిలోల బస్తాల్లో రావచ్చు, విడి కిలోల్లో రావచ్చు. తేమ ఉంటే తరుగు తీయాలి, లేకపోతే లేదు. అడ్వాన్స్ ఇచ్చి ఉంటే మినహాయించాలి. అమ్మింది రైతైతే, పెంకు తీయని పిక్కల మీద జీఎస్టీని రివర్స్ చార్జ్ కింద కొన్న రిజిస్టర్డ్ వ్యాపారే కట్టాలి. రిజిస్టర్డ్ వ్యాపారి అమ్మితే లెక్క వేరు. నాలుగు విషయాలు, ఒక్కోదానికి రెండు దారులు, మొత్తం 16 కేసులు. ఈ లెక్కంతా ‘సేవ్’ బటన్ వెనక, డేటాబేస్ క్వెరీల మధ్య రాసి ఉంటే 16 సార్లు బ్రౌజర్ తెరవడం తప్ప గతి లేదు.

అదే లెక్కను విడిగా ఒక ఫంక్షన్‌లో, అంటే ఆ ఒక్క పనే చేసే కోడ్ ముక్కలో పెట్టండి. తూకం, తరుగు, ధర, అడ్వాన్స్, అమ్మినవారి రకం, తేదీ లోపలికి వెళ్తాయి. బిల్లు లైన్లు బయటికి వస్తాయి. అది తెరనూ డేటాబేస్‌నూ ముట్టుకోదు. 16 కేసులూ రెప్పపాటులో అయిపోతాయి. తేదీని కూడా బయటి నుంచే ఇవ్వమంటున్నాను, గమనించండి. కోడ్ తనంతట తాను గడియారం చూసుకుంటే, ఏప్రిల్ 1న బిల్లు నంబర్ మళ్లీ ఒకటి నుంచి మొదలవుతుందో లేదో తెలుసుకోవడానికి ఏప్రిల్ దాకా ఆగాలి! ఇది కొత్త ఆలోచనేం కాదు. సాఫ్ట్‌వేర్ నిపుణుడు అలిస్టెర్ కాక్‌బర్న్ 2005లోనే ‘పోర్ట్స్ అండ్ అడాప్టర్స్’ పేరుతో రాశాడు: అప్లికేషన్‌ను మనిషి నడిపినా టెస్ట్ నడిపినా దానికి తేడా తెలియకూడదు.

దీనివల్ల ఇంకో లాభం ఉంది. పౌండుకు 220 నుంచి 240 జీడిపప్పులు తూగితే డబ్ల్యూ 240 గ్రేడ్, 300 నుంచి 320 అయితే డబ్ల్యూ 320. మరి 250 వస్తే? చిన్న టెస్ట్ రాసేటప్పుడు ఈ ప్రశ్న దానంతటదే ఎదురవుతుంది, వ్యాపారిని అడిగి తేల్చుకుంటాం. బ్రౌజర్ టెస్ట్ రాసేవాడి ధ్యాసంతా పేజీ లోడయిందా లేదా అన్నదాని మీదే ఉంటుంది.

అపోహ: విడివిడిగా అన్నీ పాసైనా కలిపితే పగులుతాయి, కాబట్టి ఎండ్-టు-ఎండ్ ఎక్కువే ఉండాలి.

వాస్తవం: భయం సబబే. 1999లో నాసా అంగారకుడి దగ్గరికి పంపిన వ్యోమనౌక మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ పోయింది ఇలాంటి తేడాతోనే. ఒక సాఫ్ట్‌వేర్ పౌండ్-ఫోర్స్ సెకన్లలో అంకెలు ఇస్తే, రెండోది వాటిని న్యూటన్ సెకన్లు అనుకుంది. మా దగ్గరైతే కాటా నుంచి కిలోలు వస్తుంటే, బిల్లు భాగం బస్తాలు అనుకోవచ్చు. దీనికి మందు ఆ రెండు భాగాలూ కలిసే చోటే ఉంది. కిలోకీ బస్తాకీ వేర్వేరు టైపులు పెడితే తప్పు కోడ్ కంపైలే కాదు, అంటే నడవకముందే ఆగిపోతుంది. ఒకే నమూనా సందేశాన్ని ఇచ్చేవైపూ తీసుకునేవైపూ పరీక్షించేదే కాంట్రాక్ట్ టెస్ట్. డేటాబేస్‌తో మాట్లాడే ముక్కను మాత్రం నిజమైన డేటాబేస్‌తోనే పరీక్షించండి. అక్కడ మాక్‌లు (అసలు భాగం బదులు టెస్ట్ కోసం పెట్టే నకిలీలు) పెట్టి మురిసిపోవద్దు. ఒక ఫంక్షన్ టెస్టుకు ఆరు మాక్‌లు కావాల్సి వస్తే ఆ డిజైన్‌ను ఇంకోసారి చూడాల్సిందే.

అపోహ: అయితే ఎండ్-టు-ఎండ్ మొత్తం తీసేయొచ్చు.

వాస్తవం: వద్దు. సర్వర్ సెట్టింగులు సరిగా ఉన్నాయా, లాగిన్ నుంచి ప్రింటర్ దాకా తీగ కలిసిందా అన్నది ఇవే చెబుతాయి. ఒక కొనుగోలు, ఒక అమ్మకం, ఇలా కొన్ని చాలు.

అపోహ: పాత కోడ్‌లో ఇదంతా కుదరదు.

వాస్తవం: కుదురుతుంది, నెమ్మదిగా. ముందు ఉన్న ఎండ్-టు-ఎండ్ టెస్టుల జోలికి వెళ్లకండి, కోడ్ కదిపేటప్పుడు అవే కాపలా. ఎక్కువ టెస్టులు దేని చుట్టూ తిరుగుతున్నాయో ఆ ఒక్క రూల్‌ను బయటికి తీసి చిన్న టెస్టులు రాయండి. తర్వాత ఆ రూల్‌ను కావాలనే చెడగొట్టి నడపండి. చిన్న టెస్టులు పట్టేస్తే, కేవలం ఆ రూల్ కోసమే ఉన్న బ్రౌజర్ టెస్టులను తీసేసి ఇంకో రూల్ మొదలుపెట్టొచ్చు.