పొగలో వండిన చికెన్ లోపల గులాబీ రంగులో ఉంటే పచ్చిదేనా? అపోహలు – వాస్తవాలు

డాలస్ పరిసరాల్లో ఉండే తెలుగు కుటుంబాలకు వారాంతాల్లో స్మోకర్ (కట్టె పొగతో, సన్నని వేడితో మాంసం వండే మూత ఉన్న పొయ్యి) మీద మాంసం వండటం నేర్పుతుంటాను. ఎండలు మొదలైతే చాలు, నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం ఒకే ప్రశ్నతో వస్తాయి: "బ్రెస్ట్ ముక్క కోశాను, అంచున గులాబీ రంగు కనిపిస్తోంది, పిల్లలకు పెట్టవచ్చా?"

గత వేసవిలో ఒక యువకుడు రాత్రి తొమ్మిదింటికి ఇదే అడిగాడు. ఇంట్లో భార్య గర్భవతి, అత్తగారు ఊరి నుంచి వచ్చి ఉన్నారు. స్మోకర్‌లోంచి తీసేటప్పుడు ముక్కల మధ్యలో థర్మామీటర్ 165 డిగ్రీల ఫారన్‌హీట్ చూపించిందని ఆయనే చెప్పాడు. అయినా కోసి చూస్తే అంచు వెంబడి సన్నగా గులాబీ రంగు కనిపించడంతో, ఆరు ముక్కలనూ ఓవెన్‌లో పెట్టి మరో 40 నిమిషాలు ఉంచాడు. రంగు పోలేదు, ముక్కలు మాత్రం ఎండిపోయి పీచు తేలాయి. నాకు ఫోన్ చేసే సరికి అవన్నీ చెత్తబుట్టలో పడ్డాయి. ఆయన భయాన్ని నేను తప్పుపట్టను. కడుపుతో ఉన్న మనిషికి పెట్టే తిండి విషయంలో ఆ మాత్రం జంకు ఉండవలసిందే. నాకు కోపం తెప్పించేది ఆ సాయంత్రం ఆయనకు వాట్సాప్‌లో అందిన సలహా: "గులాబీ రంగు కనిపిస్తే పచ్చి మాంసమే, రంగు పోయేదాకా కాల్చండి."

ఈ అపోహ పాడుచేసినంత మాంసాన్ని, మనశ్శాంతిని మిగతా అపోహలన్నీ కలిసినా పాడుచేయవు. కట్టె, బొగ్గు కాలేటప్పుడు వెలువడే వాయువుల్లో నైట్రిక్ ఆక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్ ఉంటాయి. అవి తడిగా ఉన్న మాంసం పైపొరలోకి ఇంకి, కండకు రంగునిచ్చే మయోగ్లోబిన్ అనే ప్రోటీన్‌తో కలిసి, ఎంత వేడికీ చెదరని గులాబీ రంగును ఏర్పరుస్తాయి. బ్రిస్కెట్ (పశువు రొమ్ము భాగపు మాంసం) కోసినప్పుడు అంచున కనిపించే ఎర్రని వలయాన్ని చూసి మెచ్చుకునే వారే, అదే రసాయన చర్య చికెన్‌లో కనిపించగానే హడలిపోతారు. ఆ రంగు స్థిరపడిన తరువాత ఓవెన్‌లో ఎంతసేపు ఉంచినా పోదు కాబట్టి, "రంగు పోయేదాకా కాల్చండి" అనే సలహాను పాటించే వారు ముక్కను మాడ్చుకోవడం తప్ప చేయగలిగిందేమీ లేదు. ఎముకతో ఉన్న ముక్కల్లోనైతే, లేత కోడి ఎముకల మజ్జలోని రంగు చుట్టూ ఉన్న మాంసంలోకి దిగడం కూడా మామూలే.

మన వాళ్లకు ఈ భయం ఎక్కువగా ఉండటానికి కారణం ఉందని నేను అనుకుంటాను. గుంటూరులో మా అమ్మ కోడికూర వండేటప్పుడు ముక్కను గరిటె అంచుతో నొక్కి, విడదీసి, లోపలి రంగు చూసి పొయ్యి కట్టేసేది. ఆ పరీక్ష ఆమెను ఎప్పుడూ మోసం చేయలేదు, ఎందుకంటే కూరలో ముక్క అరగంటకు పైగా మరిగే పులుసులో ఉంటుంది, సూక్ష్మజీవులు చావవలసిన వేడిని అది ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. స్మోకర్‌లో ముక్క చుట్టూ ఉండేది పులుసు కాదు, నెమ్మదిగా వేడెక్కించే గాలి. అక్కడ కూరగిన్నె నేర్పిన చూపు పనికిరాదు.

పైగా అది రెండు వైపులా మోసం చేస్తుంది. నేను ఈ పని మొదలుపెట్టిన రెండో ఏడు, ముప్పావు అంగుళం మందం ఉన్న ముక్కల పక్కన రెండంగుళాల మందం ఉన్న ముక్క ఒకటి పెట్టి, అన్నింటినీ ఒకేసారి తీశాను. పెద్ద ముక్కను కోస్తే లోపల తెల్లగా, నొక్కితే గట్టిగా ఉంది. అనుమానం ఏమీ లేకపోయినా, అలవాటు కొద్దీ థర్మామీటర్ గుచ్చితే 148 చూపించింది. అప్పటికే పళ్లెం పిల్లల ముందుకు వెళ్తోంది, నేను వెనక్కి తీసుకున్నాను. తెల్లగా ఉంటే ఉడికినట్టే అనే నమ్మకం గులాబీ రంగు భయం కంటే ప్రమాదకరం, ఎందుకంటే భయపడిన వారు నష్టపోయేది ఒక పూట భోజనమే, నమ్మిన వారు సాల్మొనెల్లా అనే బాక్టీరియాతో ఆసుపత్రి పాలు కావచ్చు.

అమెరికా వ్యవసాయ శాఖ కోడిమాంసానికి ఇంట్లో వంటకు చెప్పే లెక్క 165 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే సుమారు 74 సెల్సియస్. ఆ వేడి చేరగానే సాల్మొనెల్లా దాదాపు తక్షణమే నశిస్తుంది. అంతకంటే తక్కువ వేడిలోనూ చస్తుంది గానీ ఎక్కువ సేపు పడుతుంది. 150 డిగ్రీల దగ్గర ముక్క నడిమి భాగం సుమారు మూడు నిమిషాలు నిలవాలి. చిన్నపిల్లలు, గర్భవతులు, పెద్దవారు ఉన్న ఇంట్లో ఈ నిమిషాల లెక్కకు పోవద్దని, 165 చూడందే కోయవద్దని నేను గట్టిగా చెబుతాను. నా పద్ధతి ఇది: ముక్క మధ్యలో 160 రాగానే తీసి, రేకు కప్పి, థర్మామీటర్‌ను అందులోనే ఉంచుతాను. ముక్కలో మిగిలిన వేడికి అంకె 165 చేరితే కోస్తాను, చేరకపోతే తిరిగి స్మోకర్‌లో పెడతాను. సూదిని పైనుంచి గుచ్చితే కొన అవతలి వైపు వేడి గాలి దాకా పోయి ఎక్కువ అంకె చూపిస్తుంది కాబట్టి, ముక్క పక్క నుంచి, అన్నింటికంటే మందమైన చోటికి, అడ్డంగా గుచ్చాలి. స్మోకర్ మూతకు బిగించి ఉండే గడియారం లాంటి మీటరు చెప్పేది మూత దగ్గరి గాలి వేడిని మాత్రమే. అది మాంసం సంగతి చెప్పదు.

ఎంత తక్కువ మంట మీద, ఎంత ఎక్కువ సేపు ఉంచితే అంత మెత్తన అన్నది బ్రిస్కెట్ సూత్రం. అందులో ఉన్న కొలాజెన్ అనే గట్టి పీచు లాంటి ప్రోటీన్ గంటల తరబడి వేడికి కరిగి మెత్తదనాన్ని ఇస్తుంది. బ్రెస్ట్‌లో కొలాజెన్ గానీ కొవ్వు గానీ అంతగా ఉండవు కాబట్టి గంటలు పెరిగిన కొద్దీ నీరు పోవడమే మిగులుతుంది. స్మోకర్‌ను 250 నుంచి 275 డిగ్రీల మధ్య ఉంచితే మామూలు ముక్కకు సుమారు గంట చాలు. ముందు రాత్రే ముక్క బరువులో 1 నుంచి 1.5 శాతం ఉప్పు పట్టించి ఫ్రిజ్‌లో ఉంచితే రసం నిలుస్తుంది.

మిగతావి త్వరగా చెబుతాను. కట్టె ముక్కలను నీళ్లలో నానబెడితే పొగ పెరగదు. ఆ నీరు ఆవిరయ్యేదాకా మంట నీరసిస్తుంది, అంతే. దట్టమైన తెల్లపొగ రుచికి గుర్తు కాదు, అది చేదు పట్టిస్తుంది. కనీకనపడని నీలిపొగ వచ్చేదాకా ఆగి అప్పుడు ముక్క పెట్టాలి. మన సర్కారు తుమ్మకు దగ్గరి బంధువైన మెస్కీట్ కట్టె పొగ బ్రెస్ట్‌కు మరీ ఘాటు, ఆపిల్ గానీ పెకాన్ గానీ వాడండి. చికెన్‌ను పసుపు, ఉప్పుతో సింకులో కడిగితే సూక్ష్మజీవులు పోతాయన్నది నిజం కాదు, చిందిన నీళ్లతో అవి పక్కనున్న కొత్తిమీర మీదికి చేరతాయి. గడ్డకట్టిన ముక్కను నేరుగా స్మోకర్‌లో పెట్టవద్దు, సూక్ష్మజీవులు పెరిగే 40 నుంచి 140 డిగ్రీల ఫారన్‌హీట్ మధ్య అది చాలాసేపు ఉండిపోతుంది. పొగ పట్టింది కదా అని నిలవ ఉండదు. రెండు గంటలలోపు, బయట 90 డిగ్రీల ఫారన్‌హీట్ దాటిన ఎండ ఉంటే గంటలోపే ఫ్రిజ్‌లో పెట్టి, మూడు నాలుగు రోజుల్లో తినేయాలి.

వాన పడుతోందని స్మోకర్‌ను గ్యారేజ్‌లోకి లాగి, తలుపు సగం ఎత్తి ఉంచితే చాలనుకునే వారికి మాత్రం ఆగి చెప్పాలి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, కళ్లు మండవు. గ్యారేజ్‌కు ఆనుకుని ఉన్న పడకగదిలో నిద్రపోతున్న వారికి తెలియకుండానే ప్రాణం పోతుంది. వాన పడితే ఆ పూట ముక్కలను ఓవెన్‌లో 165 దాకా వండుకోండి. పొగ రుచి వచ్చే వారం చూసుకోవచ్చు.