చెంచాడు తోడు

మన అపార్ట్‌మెంట్ల పిల్లలందరికీ,

మొన్న ఆదివారం మొక్కల సంతలో మీరంతా పొద్దున ఏడింటి నుంచి ఒంటిగంట దాకా నిలబడి వంగ నారు, మిరప నారు అమ్మారు. కాగితం పొట్లాల్లో తోటకూర గింజలు, మెంతులు కట్టి అమ్మారు. వచ్చిన ప్రతివాళ్లనీ మనం వెయ్యబోయే కూరల తోట కోసం చందా అడిగారు. మృగశిర కార్తె వచ్చి వారం కూడా కాలేదు, ఆ చినుకుల్లో మీ చందాల అట్టపెట్టె తడిసి అడుగు ఊడింది. చిల్లరంతా బురదలో పడితే ఏరుకుని, కడిగి, మా వరండాలో టవల్ మీద ఆరబెట్టారు. అదంతా చూశాను.

అందరూ వెళ్లిపోయాక మూడో అంతస్తు అమ్మాయి ఒక్కతే మిగిలింది. చొక్కాకి పిన్నీసుతో పెట్టుకున్న ‘వలంటీర్’ అట్టముక్క ఇంకా తియ్యలేదు. మొహం మాత్రం ముడుచుకుపోయి ఉంది.

“తాతగారూ, ఒక అంకుల్ నన్నో మాట అడిగారు. నాకు జవాబు రాలేదు.”

ఆయన అడిగింది ఇదట: “పాలకూర కట్ట బండి మీద ఇరవై రూపాయలకి దొరుకుతుంటే, దాన్ని పెంచడానికి చందాలేంటమ్మా?”

నిజం చెప్పొద్దూ, నాక్కూడా జవాబు రాలేదు. “రేపు చెప్తాలే” అని తప్పించుకున్నాను. ఆ రాత్రి పాలు తోడుపెడుతుంటే ఏదో తట్టింది. (మీ బామ్మగారు మోకాళ్ల నొప్పుల పేరు చెప్పి ఆ పని నాకు అప్పగించి నాలుగేళ్లయింది.) నోటితో చెప్తే మీరు మధ్యలోనే సైకిళ్లెక్కి వెళ్లిపోతారు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను.

ముందు ఒక సంగతి ఒప్పుకుందాం. ఆ అంకుల్ లెక్క తప్పు కాదు. మనం పెట్టిన ఖర్చంతా మొదటి ఏడాది పాలకూర మీద వేసి చూస్తే, మన కట్ట బండి మీది కట్ట కంటే ఖరీదే అవుతుంది. అందుకని “మన కూర చవక” అని ఎవరితోనూ అనకండి, దొరికిపోతారు.

ఇప్పుడు పాల సంగతికి రండి. లీటరు పాలలో చెంచాడు పెరుగు వేస్తాం. పొద్దునకి గిన్నెడు పెరుగవుతుంది. ఆ చెంచాడు పెరుగుతో ఎవరి కడుపూ నిండదు, అన్నంలో ఒక ముద్దకి కూడా చాలదు. అయినా అది లేకపోతే గిన్నెడు పాలు పాలుగానే ఉంటాయి, లేదంటే విరిగిపోతాయి. మీరు వసూలు చేసిన డబ్బు ఆ చెంచాడు తోడు. పాలు ఎవరంటారా? రెండు బ్లాకుల్లో ఉన్న మనమందరం.

తోడు అంటే నాకు చిన్నప్పటి ఒక అవమానం గుర్తొస్తుంది. మాది కృష్ణా డెల్టాలో కాలవ పక్క ఊరు. ఒకరోజు మా ఇంట్లో పెరుగు పూర్తిగా అయిపోయింది. మా అమ్మ చిన్న ఇత్తడి గిన్నె ఇచ్చి “పొద్దు కూకకముందే పక్కింటి మామ్మగారి దగ్గర తోడు పట్రా” అంది. దీపాలు పెట్టాక పెరుగూ ఉప్పూ చేబదులు ఇచ్చేవాళ్లు కాదు ఆ రోజుల్లో. నేను పరుగున వెళ్లాను, తెచ్చాను. దారిలో గోళీలాట కనపడింది. ఒక్క ఆటే అనుకున్నాను. మధ్యలో వేలితో కాస్త నాకాను, ఇంకాస్త నాకాను. ఇంటికొచ్చేసరికి గిన్నె మెరుస్తోంది. “ఒలికిపోయింది” అని అబద్ధమాడాను. మా అమ్మ నా మూతి చూసింది, ఏమీ అనలేదు. నాలుగు పచ్చిమిరపకాయల తొడిమలు తుంచి గోరువెచ్చటి పాలలో వేసి మూతపెట్టింది. తెల్లారి చూస్తే తోడుకుంది! పల్చగా, సాగుతూ ఉంది కానీ పెరుగే. ఆ పెరుగులోంచి తీసిన చెంచాడుతోనే మర్నాడు గట్టి పెరుగు వచ్చింది. మిరపకాయ తొడిమలో పెరుగెక్కడుందని వారం రోజులు అందరినీ అడిగి విసిగించాను. అసలు కారణం కాలేజీలో ఎవరో చెప్పారు కానీ, ఆ పొద్దున మూత తీసినప్పటి ఆశ్చర్యం ముందు అది చప్పగా అనిపించింది.

సరే, మన తోటకి వద్దాం. క్లబ్‌హౌస్ వెనక ఉన్న ఆ జాగా చూశారుగా. బిల్డింగు కట్టినప్పుడు మేస్త్రీలు పారేసిన సిమెంటు పెచ్చులు, టైల్సు ముక్కలు, మేకులు. గునపం వేస్తే ఖణేల్‌మంటుంది. దాంట్లో గడ్డి కూడా ఇష్టం లేనట్టు మొలుస్తోంది. అందుకే దాన్ని తవ్వకుండా, మీదనే ఇటుకలతో జానెడున్నర ఎత్తు మళ్లు కట్టాలి. ఎర్రమట్టి, చివికిన పశువుల ఎరువు, కొబ్బరిపొట్టు సమపాళ్లలో కలిపి నింపాలి. ఎర్రమట్టి ట్రాక్టరు వాడు మన ఉత్సాహం చూసి ఊరికే తోలడు కదా. దానికీ, ఎరువుకీ, రెండు డ్రమ్ములకీ, పైపులకీ మీ డబ్బు. కొంటే వచ్చేవి అంతే. తెల్లవారుజామున లేచి నీళ్లు పొయ్యడం కొనలేం. మళ్లో కలుపు పీకడం కొనలేం. కొంటే అది తోట కాదు, తోటమాలికిచ్చిన కాంట్రాక్టు.

నీళ్ల డ్రమ్ములెందుకు, కుళాయి ఉందిగా అని ఐదో అంతస్తు వాళ్లబ్బాయి అడిగాడు. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్లు. ఇంత తేలిక లెక్క ఇంకోటి లేదు, చేతి మీద రాసుకోండి. క్లబ్‌హౌస్ కప్పు సుమారు 100 చదరపు మీటర్లు. 10 మిల్లీమీటర్ల వాన కురిస్తే వెయ్యి లీటర్లు మురిక్కాలవలోకి పోతున్నాయి. హైదరాబాదులో ఏడాదికి 800 మిల్లీమీటర్ల దాకా కురుస్తుంది. అంటే ఆ ఒక్క కప్పు మీదే 80 వేల లీటర్లు, పది వేల లీటర్ల ట్యాంకర్లు ఎనిమిది. ఏప్రిల్‌లో ట్యాంకర్ కోసం ఫోన్లు చేసి మీ నాన్నలు పడే టెన్షన్ మీకు తెలుసు.

మళ్లీ తోడు దగ్గరికి. తోడుపెట్టడానికి పాలు గోరువెచ్చగా ఉండాలి. మరిగే పాలలో వేస్తే తోడు చచ్చిపోతుంది. ఆఫీసుకి ఆలస్యమై లిఫ్టు కోసం కాళ్లు కదుపుతున్నవాణ్ని చందా అడిగారనుకోండి, అది మరిగే పాలలో వెయ్యడం. ఫ్రిజ్‌లోంచి తీసిన పాలలో వేసినా కదలదు. అలాంటివాళ్లని ముందు కాస్త వెచ్చబెట్టాలి. “ఆంటీ, మీ కరివేపాకు మొక్క ఎలా ఉంది?” అని అడగండి, వెచ్చబడతారు. వేశాక గిన్నెని మాటిమాటికీ కదపకూడదు, అంటే వారం వారం చందాలని తలుపు కొట్టకూడదు. తోడు మరీ ఎక్కువైతే పెరుగు పులుస్తుంది. అలాగే చందా డబ్బు మరీ ఎక్కువైతే ఎవరు ప్రెసిడెంటు, ఎవరు ట్రెజరర్ అని...

ఇక్కడిదాకా రాసేసరికి మీ బామ్మగారు భుజం మీంచి చదివి, “ఇక ఆ పెరుగుని వదిలిపెట్టండి, నీళ్లు ఊరుతోంది” అన్నారు. వదిలేస్తున్నాను.

చందా అడగడం చిన్నతనం అనుకుంటున్నారు మీలో కొందరు. ఆ పిల్ల మొహం ముడుచుకోవడానికి సగం కారణం అదే. మా ఊళ్లో లైబ్రరీ ‘పిడికెడు బియ్యం’ మీద నడిచేది. ప్రతి ఇంట్లో ఎసట్లో బియ్యం పొయ్యబోయేముందు ఒక పిడికెడు తీసి పక్కనున్న చిన్న కుండలో వేసేవాళ్లు. ఆదివారం మేం పిల్లలం గోనెసంచి పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి ఆ కుండలు వంపుకొచ్చేవాళ్లం. అమ్మగా వచ్చిన డబ్బుతో పేపరు, పుస్తకాలు, లాంతరుకి కిరసనాయిలు. కాలవగట్టు మీద ఒక ముసలమ్మ ఉండేది. ఒక పూటే వండుకునేది. మా నాయకుడు, నాకంటే నాలుగేళ్లు పెద్ద, “ఆవిడ ఇంటికి వద్దురా, పాపం” అన్నాడు. దాటిపోయాం. వెనకనుంచి కేకేసింది చూడండి! “ఏం, నా బియ్యానికి మట్టి అంటిందా?” అని. సోలెడు కూడా లేవు. ఆవిడకి చదువు రాదు, లైబ్రరీ గడప తొక్కింది లేదు. ఆ తర్వాత ఏ ఇంటినీ దాటలేదు మేం.

అందుకని చెప్తున్నాను, మన వాచ్‌మన్‌నీ, ఇస్త్రీ బండి ఆయన్నీ అడక్కుండా వదిలెయ్యకండి. ఇవ్వడం ఇవ్వకపోవడం వాళ్లిష్టం. వాచ్‌మన్ వాళ్ల ఊళ్లో రెండెకరాలు దున్నినవాడు. మనలో ఎవరికీ తెలియని సంగతులు ఆయనకి తెలుసు. నేను కుండీలో వేసిన మెంతులు చూసి “ఇంత లోతు పెడితే మొలవవు సార్, పైన చల్లి చెయ్యి ఆడించాలి” అన్నాడు. అరవై దాటిన నా వ్యవసాయం ఒక్క మాటతో తేలిపోయింది.

పట్నాల్లో పండించడం కొత్త సరదా అనుకోకండి. 1965లో తిండిగింజలు కటకటగా ఉన్నప్పుడు, ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి వారానికి ఒక పూట భోజనం మానమని దేశాన్ని అడిగారు. ముందు తన ఇంట్లో మానిపించి ఆ తర్వాతే అడిగారు. ఢిల్లీలో తన బంగళా పచ్చికని దున్నించి పైరు వేశారు. 1991లో సోవియట్ యూనియన్ విడిపోయాక క్యూబాకి అక్కణ్నుంచి వచ్చే పెట్రోలు, ఎరువులు దాదాపు ఆగిపోయాయి. హవానా నగరంలో జనం ఖాళీ జాగాల్లో ఇలాగే ఎత్తు మళ్లు కట్టి కూరలు పండించుకున్నారు. అంతదూరం ఎందుకు, మన బషీర్‌బాగ్, బాగ్‌లింగంపల్లి, జాంబాగ్ పేర్లలో ఉన్న బాగ్ అంటే తోటే. ఇప్పుడక్కడ సిటీ బస్సులు పూస్తున్నాయి.

డబ్బు సంగతి. నూట నలభై రూపాయలు తగ్గాయని మీలో మీరు గుసగుసలాడుతున్నారట. ఎవరో ఫోను తిప్పి టిక్కు గుర్తు చూపించారు, మీరు నమ్మి మూడు మిరప నారు కట్టలు ఇచ్చేశారు, డబ్బు రాలేదు. పోనీండి. మోసమో, నెట్‌వర్కో మనకేం తెలుసు. ఆ నూట నలభై నేను వేస్తానంటే మీ అమ్మలు వద్దన్నారు. వాళ్లదే సరైన మాట. లెక్కల పుస్తకంలో ‘తగ్గింది 140’ అని ఉన్నదున్నట్టు రాసి, నోటీసు బోర్డు మీద పెట్టండి. ఈసారి డబ్బాలో చెయ్యి పెట్టేటప్పుడు ఇద్దరుండాలి, ఒకరు లెక్కపెట్టాలి, ఒకరు రాయాలి. ఇది మిమ్మల్ని అనుమానించి కాదు. తోడు గిన్నె నాకినవాడు చెప్తున్న మాట.

ఇప్పుడు ఆ అమ్మాయి ప్రశ్న మిగిలింది. తోడు పోలికతో సగం చెప్పాననుకున్నాను. కానీ నిన్న పొద్దున ఆ పోలిక నన్ను నడిదారిలో వదిలేసింది. మూలన పెట్టిన ఎరువు డ్రమ్ము ఉంది చూశారా, మన వంటింటి తొక్కలు ఒక వంతు, ఎండుటాకులు రెండు మూడు వంతులు వేసి, పుల్లమజ్జిగ చల్లి మూసింది? దానికీ తోడే పెట్టాం. పాలకైతే వెచ్చదనం మనమే ఇవ్వాలి. దీనికి ఎవరూ ఏమీ ఇవ్వలేదు. పొయ్యి లేదు, కరెంటు లేదు, రెండ్రోజులుగా ఎండ కూడా లేదు. మూత తీసి చెయ్యి పెట్టబోయి వెనక్కి తీసుకున్నాను. బాగా కుదిరిన కుప్పలో 50, 60 డిగ్రీల దాకా వేడి పుడుతుందని నాకు తెలుసు. తెలియడం వేరు, అరటితొక్కల వేడి అరచేతికి తగలడం వేరు.

మా వరండాలో గొడుగుల బుట్టలో పొడుగాటి ఇనప కడ్డీ ఉంది. రేపు పొద్దున ఆరింటికి వచ్చి తీసుకోండి. డ్రమ్ము నడిమధ్యలోకి నిలువుగా దింపి, రెండు నిమిషాలాగి, తీసి మెల్లగా ముట్టుకోండి. గట్టిగా పట్టుకోవద్దు. ఆ అంకుల్ రోజూ ఆరుంబావుకి అటే నడుస్తారు. పాలకూర ఊసెత్తకండి. కడ్డీ ఆయన చేతికివ్వండి.

ఇట్లు,
మీ ఒకటో అంతస్తు తాత