ప్యాడ్ థాయ్ ఎందుకు ముద్దవుతుంది?

ప్యాడ్ థాయ్ అంటే థాయ్‌లాండ్ బియ్యపు నూడుల్స్ వేపుడు. ఇంట్లో చేసినది ముద్దయిందంటే, చాలాసార్లు ఆ తప్పు వేయించడం మొదలుపెట్టక ముందే జరిగిపోయి ఉంటుంది. సేమ్యా అలవాటు కొద్దీ నూడుల్స్‌ను మరిగే నీళ్లలో వేసేస్తాం. గోధుమ సేమ్యాను గ్లూటెన్ అనే ప్రోటీన్ వల పట్టి ఉంచుతుంది. బియ్యంలో ఆ వల లేదు. ఆ పనంతా పిండిపదార్థమే చేయాలి.

అందులో రెండు రకాల అణువులుంటాయి. పొడవాటి దారాల్లాంటిది అమైలోజ్, గుబురుగా కొమ్మలేసినది అమైలోపెక్టిన్. నూడుల్స్‌కు అమైలోజ్ ఎక్కువున్న బియ్యం, అంటే అన్నం పొడిపొడిగా వచ్చే రకం వాడతారు. పిండి జారును పలచగా పరిచి, ఆవిరి మీద ఉడికించి, చల్లార్చి, కోసి ఎండబెడతారు. చల్లారేటప్పుడు ఈ అణువులు ఒకదానికొకటి ముడిపడి బిగుసుకుంటాయి. అమైలోజ్ ముడులు మరిగే నీళ్లలోనూ విడవవు. అమైలోపెక్టిన్ ముడులు మాత్రం 60 డిగ్రీల సెల్సియస్ దగ్గరే వదులవుతాయి. అందుకే మరిగే నీళ్లలో నూడుల్ ఉబ్బి జిగురు వదులుతుంది. తర్వాత సాస్ పోసినా పీల్చుకునే చోటు దానిలో మిగలదు.

నానబెట్టాల్సింది చన్నీళ్లలోనే. థాయ్‌లాండ్‌లో దీనికి వాడే సన్నటి చదును నూడుల్‌ను చంతబురి ప్రాంతం పేరు మీద ‘సెన్ చాన్’ అంటారు. 3 నుంచి 5 మిల్లీమీటర్ల వెడల్పుదైతే 30–45 నిమిషాలు చాలు. వేలికి చుడితే విరగకూడదు, కొరికితే మధ్యలో గట్టిగా తగలాలి. ‘ఇంకా నానలేదే’ అనిపించినప్పుడే తీసి, చిల్లుల గిన్నెలో పది నిమిషాలు నీళ్లు వార్చాలి. మిగతాది సాస్‌లో ఉడుకుతుంది.

నీళ్లు వార్చడం మీద ఇంత పట్టుదల ఎందుకంటే, 100 మిల్లీలీటర్ల మరిగే నీరు ఆవిరి కావడానికి సుమారు 226 కిలోజౌళ్లు కావాలి. 2 కిలోవాట్ల బర్నర్ వేడిలో సగం మూకుడుకు అందిందనుకుంటే దాదాపు నాలుగు నిమిషాలు. అంతసేపూ అడుగున నీళ్లుంటే వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. కమ్మటి వేపుడు వాసన రావాలంటే 140 దాకా వెళ్లాలి. అందుకని ఎంతమందికైనా సరే, ఒక్కొక్కరిదీ విడిగా వేయించాలి. బరువైన ఇనప మూకుడు మేలు. అది దాచుకున్న వేడి చిన్న మంట లోటును కొంత పూడుస్తుంది.

సాస్‌కు కావలసినవి మనకు కొత్తవి కావు. థాయ్‌లాండ్‌లోని ఫెచబురి తాటి చక్కెరకు పేరుపడ్డ ఊరు, ఆ చెట్టు మన తాడిచెట్టే. ఇద్దరికి 150 గ్రాముల ఎండు నూడుల్స్ తీసుకుంటే, చిక్కటి చింతపండు గుజ్జు 3 పెద్ద చెంచాలు, తురిమిన తాటిబెల్లం 3, ఫిష్ సాస్ 2. సన్నని సెగ మీద బెల్లం కరిగించి వడకట్టాలి. మన తాటిబెల్లంలో ఇసుక ఉండొచ్చు. రుచి చూస్తే నాలుక్కి ఘాటుగా తగలాలి, నూడుల్స్ చప్పన కదా.

ఒక్కరి వంతుకు మూకుడు బాగా కాలాక చెంచాన్నర నూనె వేయాలి. నాలుగైదు రొయ్యలు నిమిషం వేయించి పక్కన పెట్టాలి. వెల్లుల్లి, చిన్న ఉల్లిపాయలు, టోఫూ ముక్కలు, చెంచాడు ఎండు రొయ్యలు వేగాక సగం నూడుల్స్, సగం సాస్. బెల్లం త్వరగా మాడుతుంది కనుక సాస్ ఎప్పుడూ నూడుల్స్ మీదే పడాలి, ఖాళీ మూకుట్లో కాదు. రెండు నిమిషాలు పైకెత్తి తిప్పుతూ, గట్టిగా ఉంటే చెంచాడేసి నీళ్లు చిలకరించాలి. ఒకేసారి పోయొద్దు. మెత్తబడ్డాక పక్కకు నెట్టి గుడ్డు కొట్టి, సగం గట్టిపడగానే కలపాలి. రొయ్యలు, ఉల్లికాడలు, పెసర మొలకలు వేసి అర నిమిషంలో దించాలి. మొలకలు అంతకుమించి ఉంటే నీరు కారి చేసిందంతా చెడిపోతుంది. పైన వేయించి దంచిన వేరుశనగపప్పు, నిమ్మబద్ద.

మిగిలింది ఫ్రిజ్‌లో పెడితే తెల్లారేసరికి పుల్లల్లా బిగుస్తుంది. అమైలోపెక్టిన్ మళ్లీ ముడిపడింది, అంతే. రెండు చెంచాల నీళ్లు చల్లి మూతపెట్టి వేడిచేస్తే, 60 డిగ్రీలు దాటగానే మళ్లీ మెత్తబడుతుంది.